షేవింగ్ అద్దం కేసు

బాబాయి షేవింగ్ అద్దాన్ని నేను దొంగిలించానన్నది నామీద మోపిన అభియోగం. భోజనాల బల్ల చుట్టూ కొలువుదీరిన కుటుంబ సభకు ఇదే నా సమాధానం.

నిన్న అద్దం తీసింది నేనే. పద్దెనిమిదేళ్లు సిటీ బస్సు నడిపిన పిన్ని, డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ సాధన చేస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ప్రశ్న వేయగానే ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది.

“మొహాలు చూస్తూ మాట్లాడ్డం నాకెక్కడ అలవాటే? బస్సులో జనమంతా నా వెనకే కదా, అద్దంలోనే చూసేదాన్ని!”

అందుకే ఆమె కుర్చీని గోడవైపు తిప్పి, ముందు అద్దం నిలబెట్టి, నేను వెనక కూర్చున్నాను. “నేర్చుకునేవాళ్లు భయపడితే ఏం చేస్తారు?”

“ముందు బండి ఆపిస్తా. తర్వాత, మొదటిరోజు నేను డిపో గేటుని గుద్దిన కథ చెప్తా!” అద్దంలో నన్ను చూస్తూ గడగడా చెప్పింది.

గుమ్మంలోంచి బాబాయి వెక్కిరించారు. “ఏమే, మీ పిన్ని గోడకి లైసెన్సు ఇప్పిస్తోందా?”

సాయంత్రమే అద్దాన్ని యథాస్థానంలో తగిలించాను. ఈ ఉదయం అది మాయమైంది. అద్దం లేకుండా గడ్డం గీసుకుని, చెంపమీద గాటుతో వచ్చిన బాబాయి నన్ను దొంగన్నారు.

పొద్దున్నే ఇంటర్వ్యూకి వెళ్లిన పిన్ని ఇప్పుడే ఫోన్ చేసింది.

“ఉద్యోగం ఇచ్చారే! గది బయట భయమేసి, నీళ్లు తాగుదామని బ్యాగు తెరిస్తే అద్దం! మీ బాబాయి రుమాల్లో చుట్టి ఉంది. ఒకసారి చూసుకుని, నవ్వుకుంటూ లోపలికెళ్లా.”

సభికులారా, నన్ను వదిలేయండి. చెంప గాటుతో తల దించుకున్న ఆ ఫిర్యాదిని నిలబెట్టి అడగండి: నిన్న వెక్కిరించిన ఆ నోటితోనే, ఆమె రాగానే నేరం ఒప్పుకుంటారా, లేదా?