మనుషులు లేని కొండ

జపాన్‌లో ఒక అగ్నిపర్వతం చూడటానికి వచ్చేవాళ్లందరూ ఇప్పుడు ఒక కళ్లజోడు పెట్టుకుంటున్నారు. అది చుట్టూ ఉన్న జనాన్నీ వాళ్ల మాటలనూ చెరిపేసి, కొండనూ పొగలనూ మాత్రమే మిగులుస్తుంది.

వేడినీటి గుండం మెట్ల మీద హైమావతి, కాలికి ఏదో తగిలి పడిపోయింది. ఎంత పిలిచినా ఎవరూ ఆగలేదు. ఒళ్లు మండి, తనే లేచి కళ్లజోడు తీసేసింది. పై మెట్టు మీద చెల్లెలు వకుళ కొండనే చూస్తూ నిలబడి ఉంది. హైమావతి ఆమె కళ్లజోడు కూడా లాగేసింది.

"అక్క పడిపోతే కొండ చూస్తూ నిలబడతావుటే?"

"నువ్వు కనపడలేదక్కా. ముందు నీ వెనక ఎవరో చూడు."

మెట్టు మీద ఒక జపాన్ ముసలామె మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. హైమావతి కాలికి తగిలింది ఆ మోకాలే. ఆమె కోపంగా ఏదో అంటోంది. భాష రాకపోయినా హైమావతికి ప్రతి మాటా అర్థమైంది.