కంగారుకి మందు

దుర్గాభవాని వెళ్ళేసరికి మంచానికి అటొకరు, ఇటొకరు నిలబడి ఉన్నారు. ఎత్తడానికి సిద్ధంగా.

మంచం మీద నరసింగరావు. గొంతు కేన్సరు. ఆపరేషన్‌తో మాట పోయింది. ఇక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రి ఇంటికి పంపేసింది. అలా పంపేసినవాళ్ళని ఇళ్ళకే వచ్చి చూసుకునే నర్సు దుర్గాభవాని. గజపతినగరం చుట్టుపక్కల ఆమె స్కూటీ తెలియని వీధి లేదు. బతికించడం ఆమె పని కాదు. బాధ పడకుండా పోనివ్వడం ఆమె పని.

ఎక్కడికి మోస్తున్నారని అడిగింది.

"అరుగు మీదకండి. ధనిష్ఠ వొచ్చీసినాది," అన్నాడు త్రినాథ్ తల దించుకుని. అతను నరసింగరావు బావమరిది.

ఆ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇంటికి తాళం వెయ్యాలి. ఆమెకీ తెలుసు, పుట్టింది ఈ జిల్లాలోనే. కానీ బయట ఈదురుగాలి. అరుగంతా జల్లు కొడుతోంది. ఆ మనిషి చూస్తే ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. దుర్గాభవానికి ఒళ్ళు మండింది.

"పేణం ఉండగానే మడిసిని ఈదిలో పడేత్తారేటి? గోడల మీదున్నపాటి జాలి బావ మీద లేదా నీకు?"

త్రినాథ్ ఏదో చెప్పబోయాడు. ఆమె విననే లేదు. మంచం ముట్టుకుంటే ఊరుకోనంది. నరసింగరావు భార్య తాయారు మాత్రం భర్త పాదాలు పట్టుకుని కూర్చుంది. ఔననలేదు, కాదనలేదు.

నరసింగరావు కుదురుగా లేడు. దుప్పటి లాగేస్తున్నాడు. కాళ్ళు కిందికి దించబోతున్నాడు. చెయ్యి గాల్లో ఆడిస్తున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. ఎప్పటినుంచి ఇలా అంటే, పొద్దున్నించీ అని మాత్రం చెప్పింది తాయారు.

ఇది దుర్గాభవానికి కొత్త కాదు. పోయేముందు చాలామందికి ఈ కంగారు వస్తుంది. లేచి వెళ్ళిపోతామంటారు, బట్టలు పీకేస్తారు. ఆమె ముందుగా అతని పొత్తికడుపు తడిమి, మూత్రం నిలిచిపోయి వచ్చిన కంగారు కాదని చూసుకుంది. నొప్పి తగ్గే సిరప్పు అతని ముక్కులో వేసిన ట్యూబులో పోసింది. అయినా తగ్గలేదు. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాక మత్తు ఇంజక్షన్ తీసింది.

సూది చూడగానే నరసింగరావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. అంత నీరసంలో ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"బయపడకు నాయనా. నిన్నెవులూ బయట ఎట్టరు. నేనున్నాను," అంటూ ఒక్కో వేలూ విడదీసింది.

మందు ఎక్కింది. చెయ్యి వాలిపోయింది. ఆమె అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. తడి దూదితో పెదాలు అద్దింది. డ్యూటీ అయిపోయినా కదల్లేదు. వాన వెలిసేవేళకి నరసింగరావు ఊపిరి మెల్లగా ఆగింది. ముఖంలో నలుసంత బాధ లేదు. ఎంతమందిని సాగనంపినా ఆమెకి ఇప్పటికీ ఏడుపు వస్తుంది.

దహనం అయ్యాక మళ్ళీ పలకరించడానికి వెళ్ళింది. త్రినాథ్ గిన్నెలూ బట్టలూ మూటలు కడుతున్నాడు. ఎక్కడికి వెళ్తామని తాయారు కూతురు విశాలి అడుగుతోంది.

దుర్గాభవాని తాయారు పక్కన కూర్చుంది. నీ తమ్ముడి మాట సాగనివ్వలేదు, తన ఇంట్లో తన మంచం మీద ప్రశాంతంగా పోయాడు, అదొక్కటే నాకు తృప్తి అంది.

తాయారు ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా తమ్ముణ్ణి ఏటీ అనకండి నర్సమ్మా. నాకే ఆ రోజు సెప్పడానికి నోరు రాలేదు. లోపల పోతే నేనూ పిల్లా ఈదిన పడిపోతామని, అరుగు మీదకి మొయ్యండని పొద్దున్నించీ దండాలెట్టి అడుగుతన్నది ఆయనేనమ్మా."