నొక్కని మీట

"ఈసారైనా గెలవనిస్తావా, బావా?"

"అడిగి పుచ్చుకునేదాన్ని గెలుపంటార్రా?" అంటూ బావ బల్లకు అవతల కూర్చున్నాడు.

అరవై దాటినవారి చదరంగం పోటీలో అది చివరి ఆట. రిటైరైన పోస్టుమాస్టరు నాలుగేళ్లుగా చివరి ఆటదాకా వచ్చి, తన అక్క భర్త చేతిలో ఓడిపోతున్నాడు. ఈమధ్య వేళ్లు వణుకుతున్నాయి. వచ్చే ఏడాది అనేది తనకు లేదని అతనికి తెలుసు.

ముప్పయ్యో ఎత్తుకే అతని రాజు ఇరుకున పడ్డాడు. ఇంకో ఐదారు ఎత్తుల్లో అంతా అయిపోతుంది. అప్పుడు బావ ఏనుగును జరిపాడు. కాగితం మీద ఎత్తు రాసుకున్నాడు; ఎందుకో చాలాసేపు రాశాడు. తర్వాత కుడిచెయ్యి బల్ల మీదుగా సగం దూరం చాచి, అక్కడే వాల్చేసి, తల దించుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎత్తు వేశాక తన సమయం ఆపుకునే గడియారం మీట మాత్రం నొక్కలేదు.

పోస్టుమాస్టరు గమనించాడు. కరిగిపోతున్నది బావ సమయం: ఇరవై రెండు నిమిషాలు. ఎదుటివాడికి గుర్తుచేయాలన్న నియమం ఏదీ లేదు. కాబట్టి ఊరుకోవడం తప్పు కాదు. తప్పు కానిదంతా ఒప్పేనా అన్న ప్రశ్నను, తరిగే అంకెలను చూస్తూ, అతను వాయిదా వేశాడు.

ఆటలను పర్యవేక్షిస్తున్న ఆర్బిటర్ అటుగా వచ్చి గొంతు తగ్గించాడు. "మునిగారు తపస్సులోకి వెళ్లిపోయారా?"

"ఆయన సంగతి తెలిసిందేగా. కదిలిస్తే కసురుతాడు."

ఆర్బిటర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సున్నా పడింది.

"టైమైపోయింది!" తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "లే బావా, ఓడిపోయావు."

బావ లేవలేదు. భుజం తట్టగానే పక్కకు ఒరిగిపోయాడు.

పక్క బల్ల దగ్గర ఆడుతున్న డాక్టరు పరుగున వచ్చి నాడి చూశాడు. చాలాసేపు చూశాడు. "పోయారండీ. ఒక్క పావుగంట ముందు పిలిచి ఉంటే... మీరు ఎదురుగానే ఉన్నారుగా?"

"ఆలోచిస్తున్నాడనుకున్నా."

"మీ అక్కగారికి మీరే చెప్పాలి," అన్నాడు ఆర్బిటర్. ఏం చేయాలో తోచక, ఫలితం రాసేందుకు బావ చేతికింది కాగితం తీసుకున్నాడు. చూసి, పోస్టుమాస్టరు ముందు పెట్టాడు.

ఆఖరి ఎత్తు కింద, బావ తానే ఓడిపోయినట్టు రాసి సంతకం పెట్టాడు.