అద్దంలో గోడ

"శివకుమారీ, అద్దంలో ఏం కనపడతాండాది?" అడిగాడు సైన్సు చెప్పే వీరభద్ర సారు.

"గోడ సార్!"

నిజానికి కనబడుతున్నది పక్క బెంచీలోని ఉరుకుందమ్మ. తన బొరుగుల ఉగ్గాని డబ్బాలోని బజ్జీని అడక్కుండా తినేసిందని దానితో నిన్నటి నుంచీ మాటల్లేవు. నేరుగా చూస్తే లోకువైపోతానని శివకుమారి పాఠం కోసం ఇచ్చిన చేతి అద్దంలో దొంగచూపులు చూస్తోంది.

సారు బడి వంటగది నుంచి తెచ్చిన గరిటె ఎత్తాడు. "గుంటగా ఉండే దీంట్లో మొగం తలకిందులైతాది. చదునుగా ఉండే అద్దంలో కాదు. ఇంకోటి, అద్దంలో ఎవరి కండ్లు మీకు కనపడతాయో, వాళ్లకి మీ కండ్లు కూడా కనపడతాయి."

శివకుమారి గబుక్కున మళ్లీ చూసింది. అద్దంలో ఉరుకుందమ్మ కళ్లు సూటిగా తననే చూస్తూ నవ్వుతున్నాయి.

పక్క బెంచీ నుంచి గుసగుసగా వినబడింది.

"రేపు రెండు బజ్జీలు తెస్తాలే, గోడా!"