రూళ్ళకర్ర

“నిన్నటితో గడువు అయిపోయింది మాస్టారూ. టికెట్ తీసుకోండి,” అన్నాడు కండక్టరు, పాసును వెనక్కిస్తూ.

“ఒక్క రోజేగా! సాయంత్రం కొత్తది చేయించుకుంటాను.”

“అయితే సాయంత్రం నుంచి చూపించండి. రూలు రూలే.”

బస్సంతా ముసిముసిగా నవ్వింది. ఈ కండక్టరుకు ప్రయాణికులు పెట్టుకున్న పేరు రూళ్ళకర్ర. అనుమానం వస్తే చంటిపిల్లాణ్ణి సైతం తల్లి ఒళ్ళోంచి దింపి, తలుపు పక్కన గీసిన గీతకు ఆనించి కొలిచే రకం. తల గీత దాటిందా, అర టికెట్ కొట్టాల్సిందే. డ్రైవరు వెనక వేలాడే చార్జీల పట్టిక ఆయనకు కంఠతా వచ్చు. మిగతావాళ్ళెవరూ దాన్ని ఆఖరి వరస దాకా చదివిన పాపాన పోలేదు.

మాస్టారు గొణుక్కుంటూ డబ్బు తీసిచ్చాడు. కండక్టరు టికెట్ చింపి ఇచ్చి, ముందు సీటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి కూర్చుని ఉంది.

“పాస్,” అందా అమ్మాయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కండక్టరు తలైనా ఎత్తకుండా ముందుకు వెళ్ళిపోయాడు.

మాస్టారికి ఒళ్ళు మండింది. “చూశావా అవ్వా! నా పాసును అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఆ పిల్లది కనీసం ముట్టుకోడు. రోజూ ఇదే వరస.”

“అదొక్కటేనా?” అంది పక్కనున్న కూరల అవ్వ. “మొన్న ఆ పిల్ల స్టాపులో లేకపోతే బస్సును కదలనివ్వలేదు. డ్రైవరు విసుక్కుంటున్నా, ఉండు ఉండు అంటూ వీధి చివరిదాకా చూశాడు. పాపం, పిల్లకి జ్వరమట.”

అవ్వకు ఆ అమ్మాయంటే జాలి. ఒకసారి అడిగింది కూడా. “హాస్టల్లో ఎందుకమ్మా? నీవాళ్ళెవరూ లేరా?”

“ఉన్నారు అవ్వా, దగ్గర్లోనే,” అని ఊరుకుందా అమ్మాయి.

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. బస్సును వేళకు కదలనివ్వడనీ, పాసు చూడకుండా వదిలేస్తాడనీ కలిపి డిపోకు ఫిర్యాదు చేశాడు.

ఆ వారంలోనే చెకింగ్ ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు. నేరుగా ఆ అమ్మాయి సీటు దగ్గర ఆగాడు.

“ఏమయ్యా, ఈ అమ్మాయి పాసు చూశావా?”

“లేదు సార్.”

“ఎప్పుడైనా చూశావా?”

“లేదు సార్.”



“పాసు లేని మనిషిని తిప్పుతున్నావని తేలితే ఉద్యోగం ఊడుతుంది. రిటైరయ్యే ముందు ఎందుకయ్యా ఇదంతా? తీసుకో. ఫోటో చూడు, మనిషి ముఖం చూడు. రెండూ ఒకటో కాదో చెప్పు. అదీ రూలు.”

మాస్టారు సీట్లోంచి సగం లేచాడు. నాలుగు చివాట్లు పెడతారనుకున్నాడు గానీ, ఉద్యోగానికే ఎసరు వస్తుందనుకోలేదు.

అమ్మాయి పాసు అందించింది. కండక్టరు ఫోటో చూశాడు. తర్వాత, ఎంతో కష్టం మీద, తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఈసారి ఆమె కూడా కిటికీవైపు తిరగలేదు.

“ఏమయ్యా, ఒకటేనా?”

“ఒకటే సార్. కాస్త చిక్కింది.”

ఇన్‌స్పెక్టరు పాసు అందుకుని ముద్రా తేదీ చూశాడు. “డబ్బు కట్టి తీసుకున్నదే. అన్నీ సరిగ్గా ఉన్నాయి. బతికిపోయావు!”

మాస్టారు హమ్మయ్య అనుకున్నాడు.

“లేదు సార్, ఇది చెల్లదు,” అన్నాడు కండక్టరు.

“నీ రూళ్ళు తగలెయ్య!” అంది అవ్వ ఉండబట్టలేక. “ఇప్పుడా నీకు గుర్తొచ్చేది?”

“చెల్లకపోవడమేమిటి?” ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఈ అమ్మాయి దగ్గర డబ్బు కట్టించుకోకూడదు సార్. తప్పు నాదే. పంతానికి పోయి ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.”

“కట్టించుకోకూడదా? ఏ రూలు ప్రకారం?”

కండక్టరు పట్టికలో ఆఖరి వరస వైపు చూపించి, ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేశాడు.

“కండక్టరు కూతురికి చార్జీ లేదు సార్.”