మొదటి రోజు సంతకం

“ముందు ఆ పెన్ను కింద పెట్టు హంసికా! హార్లోకి వేస్తానంటేనే మళ్లీ పట్టుకో.”

“నాన్నా, ఇది నా బ్యాలెట్. నా పేరు మీద వచ్చింది.”

నిజమే, ఆ పిల్ల పేరు మీదే వచ్చింది. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లోని ఆ ఇంట్లో మనుషులు నలుగురు, ఓటు ఒక్కటి. అమ్మానాన్నలు ఉమ, ఫణి దాదాపు ఇరవై ఏళ్లుగా వీసా మీదే ఉన్నారు. ఏడాది పిల్లాడిగా వాళ్ల చంకనెక్కి వచ్చిన అన్న అనీష్‌దీ అదే బతుకు. ఇక్కడ పుట్టిన హంసికకు మాత్రం మొన్ననే పద్దెనిమిది నిండాయి. పార్టీ తరఫున అధ్యక్ష పదవికి హార్లో నిలబడాలా, టాలీ నిలబడాలా అని తేల్చే ఎన్నిక అది. బ్యాలెట్ పోస్టులో ఇంటికే వచ్చింది. నింపి, కవరు మీద సంతకం చేసి, లైబ్రరీ దగ్గరి డబ్బాలో వేసి రావడమే పని. ఆ కాస్త పనికి శనివారం పొద్దున్నే ఇల్లు దద్దరిల్లిపోతోంది.

“టాలీ ఒక్కడే గన్స్ గురించి మాట్లాడుతున్నాడు నాన్నా. స్కూల్లో షూటర్ డ్రిల్ అని లైట్లాపేసి డెస్క్ కింద దాక్కునేది నేను, నువ్వు కాదు.”

“కాదన్నానా? కానీ హార్లో ఏమంది? అమ్మానాన్నలతో వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లల్ని పంపించనంది. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే సంతకం పెడతానంది. మే పద్నాలుగుకి మీ అన్నయ్యకి ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజుతో నా వీసా కింద వాడికి చోటు లేదు. స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయిపోయె. ఇంకేం మిగిలింది చెప్పు?”

మెట్లు దిగుతూ అనీష్ అందుకున్నాడు.

“హంసీ, ప్లీజ్! హార్లోకే వెయ్యి. ఆవిడ గెలిస్తే నేను సేఫ్. నాన్న ఎంత రీసెర్చ్ చేశాడో చూశావు కదా!”

ఫణి మొహం వెలిగిపోయింది. “విన్నావా? పెద్దాడికి అర్థమైంది.”

ఇంతలో ఉమ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. కొత్త కారుకీ, హాల్ టికెట్‌కీ, పాస్‌పోర్ట్‌కీ బొట్టు పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా?

“అమ్మా, నో! మెషిన్ రీడ్ చెయ్యదు!”

“బ్యాలెట్‌కి పెడతానా ఏంటే, నాకా మాత్రం తెలీదా? కవరు మూలన పెడతా. పదిన్నరకి రాహుకాలం పోతుంది, అప్పుడు వేసి రండి.”

“ఏ టైమ్ అమ్మా, మనదా, ఇండియాదా? రాహువుకి డేలైట్ సేవింగ్ ఉందా?” అన్నాడు అనీష్.

అందరూ నవ్వారు. వీసా తిరస్కరించిన ఉత్తరం వచ్చాక ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు. ఆ నవ్వు చూసి హంసిక మెత్తబడిపోయింది. అన్న కంటే ఎక్కువా ఏంటి? హార్లోకే వేద్దామనుకుని, బ్యాలెట్ తీసుకుని పైకి వెళ్లింది.

వెనకే అనీష్ వచ్చి తలుపు మూశాడు.

“టాలీకి వెయ్యి.”

“వాట్? ఇప్పుడే కదా...”

“నాన్న కోసం అన్నా. హంసీ, హార్లో నవంబర్‌లో గెలిచినా కుర్చీలో కూర్చునేది జనవరిలో. నేను మేలోనే వెళ్లిపోవాలి. ఆవిడ మొదటి రోజు సంతకం పెట్టేసరికి నేను హైదరాబాద్‌లో తెలుగు బోర్డులు చదవడం నేర్చుకుంటూ ఉంటా.”

హంసిక వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఇంత చిన్న లెక్క ఎవరికీ ఎలా తట్టలేదు?

“నాన్నకి చెప్పకు. ఆ ఒక్క హోప్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఉండనీ. ప్రామిస్?”

తల ఊపింది. ఏడుపు ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. అనీష్ తన చొక్కా చేత్తో చెల్లెలి మొహం తుడిచి, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ కిందికి వెళ్లిపోయాడు. హంసిక టాలీ పేరు పక్కన గడి నింపింది. తనకు నచ్చినవాడికే వేసినా, దొంగతనం చేసినట్టే ఉంది.

పదిన్నర దాటాక తండ్రీ కూతుళ్లు కారెక్కారు. కుంకుమ బొట్టు పెట్టిన కవరు హంసిక ఒళ్లో ఉంది. ఎవరికి వేశావని అడిగితే ఏం చెప్పాలి? అబద్ధం ఆడాలా? ఆడితే మొహం పట్టిచ్చేయదూ? దారి పొడుగునా అదే బెంగ. ఫణి మాత్రం రేడియో కూడా పెట్టకుండా నడిపాడు.

లైబ్రరీ ముందు కారు ఆగింది.

“అతికించేశావా తల్లీ?”

“ఊఁ.”

“ఎవరికి వేశావో నాకు చెప్పకు. అది నీ ఓటు. పొద్దున అంతలా అరిచినందుకు సారీరా.”

హంసిక ఆశ్చర్యంగా చూసి, దిగి, కవరు డబ్బాలో పడేసి వచ్చింది. సీట్లో కూర్చుని బెల్ట్ పెట్టుకున్నా కారు కదల్లేదు. ఫణి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కళ్లనిండా నీళ్లు.

“ఇంటికెళ్లాక అన్నయ్యతో మాత్రం హార్లోకే వేశానని చెప్పమ్మా,” అన్నాడు. “కొత్త ప్రెసిడెంట్ వచ్చేది జనవరిలోనని వాడికింకా తట్టలేదు.”