గోడకేసి నిలబడ్డ పునీతుడు

నీలిటోపీ వాడు చర్చి గడపలోకి వచ్చేసరికి దోన్యా ఒబ్దూలియా పునీత ఇసీద్రో బొమ్మను గోడవైపు తిప్పుతోంది.

లా నోపాలెరా ఊళ్లో అది తాతలనాటి ఆచారం. మే నెల వచ్చినా నీళ్ల జాడ లేకపోతే రైతుల పునీతుడికి శిక్ష పడుతుంది. నీళ్లు వచ్చేదాకా ఆయన గోడ చూస్తూ నిలబడాల్సిందే. ఆ ఏడు పునీతుడి పండగ బాధ్యత ఒబ్దూలియాది, చర్చి తాళంచెవి కూడా ఆమెదే.

పునీతుడి కాళ్ల దగ్గర నాగలి కట్టిన ఎద్దుల బొమ్మలున్నాయి. వాటినీ తిప్పనా వదినా అని మరిది ఫిదెన్సియో అడిగాడు.

"ఎద్దులేం పాపం చేశాయి? వదిలెయ్."

వచ్చినవాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అదేంటి దోన్యా, ఆయన్నలా నిలబెట్టారు?"

ఒబ్దూలియా అతని ముఖం చూడలేదు. టోపీ చూసింది. అది పొలిమేరలోని డేటా సెంటర్ వాళ్లది.

పొలిమేరలో ఆ కిటికీల్లేని షెడ్లు లేచిన నాటినుంచి ఊరికి నిద్ర లేదు. లోకంలోని జనాల ఫొటోలూ కబుర్లూ అందులో దాస్తారట. దాచేకొద్దీ మిషన్లకు వేడి చేస్తుందట. ఆ వేడి దించడానికి కంపెనీ గుట్టమీద లోతుగా బోరు వేసింది. ఊరి బోరు అప్పట్నుంచి గాలి కక్కడం మొదలుపెట్టింది. సాయంత్రమైతే ఇళ్లలో దీపాలు మసకబారేవి, మొక్కజొన్న పిండిమర మధ్యలో ఆగిపోయేది. షెడ్లు మాత్రం హోరుమంటూనే ఉండేవి. ఎవరి పిల్లి ఫొటోలకో చలవ చేయడానికి మా గొంతులు ఎండాలా అని ఒబ్దూలియా కనబడ్డవాళ్లనల్లా అడిగేది.

కంపెనీ పైపు ఊరి తొట్టిని రాసుకుంటూ పోతుంది. తొట్టి దగ్గర ఆ పైపుకు నీళ్లు వదిలే ఇనుప చక్రం, చక్రానికి గొలుసు, తాళం. పైపు వెంట నడుస్తూ కాపలా కాయడమే నీలిటోపీ వాడి ఉద్యోగం. ఏ ఊరివాడో, పేరేమిటో ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ అనిపించలేదు.

"ఆయనకు శిక్ష పడింది," అంది ఒబ్దూలియా. "నీళ్లొచ్చేదాకా ఇంతే. నీకు సిగ్గుంటే నువ్వూ వచ్చి పక్కన నిలబడు. చోటుంది."

ఫిదెన్సియో కిసుక్కున నవ్వాడు. వచ్చినవాడు నవ్వలేదు.

"నీళ్లొస్తే ఇటు తిప్పేస్తారా?"

"నీళ్లొస్తే మాకీ పని దేనికయ్యా? తొట్టి అడుగు కనబడుతోంది. పండగకు వంట లేదు. పండగ దాటాక ఊరే ఉండదు. జనం మూటలు కట్టుకుంటున్నారు, చూళ్లేదూ?"

అతను కాసేపు పునీతుడి వీపు వంక చూశాడు. వెళుతూ వెళుతూ, దాహంగా ఉంది, గ్లాసెడు నీళ్లిమ్మన్నాడు.

ఆ ఊళ్లో దాహమన్నవాడికి లేదనరు, వాడు పగవాడైనా సరే.

ఒబ్దూలియా లేదంది.

"మీ మిషన్లనడుగు. అవి తాగాక మిగిలితే పోస్తాయి."

మర్నాడు తెల్లవారి చూస్తే తొట్టి అంచులదాకా నిండి ఉంది.

బకెట్లు, బిందెలు, చివరికి పిల్లల స్నానపు తొట్లు కూడా బయటికొచ్చాయి. ముసలివాళ్లు మోకాళ్లమీద కూలబడ్డారు. ఫిదెన్సియో ఒక్కడే ఆకాశం వంక చూస్తూ నిలబడ్డాడు.

"మబ్బు లేదు, చుక్క వాన లేదు. ఎక్కణ్నుంచి వచ్చాయి వదినా?"

"పైనుంచే ఇవ్వాలని ఎక్కడన్నా రాసుందా? కిందనుంచి ఇచ్చాడు."

ఇసీద్రోను ఇటు తిప్పారు. తడిగుడ్డతో ముఖం తుడిచి, మన్నించమని పాదాలు ముద్దుపెట్టుకున్నారు. తారాజువ్వలు పేల్చారు. ఆ రోజు మొదలు పొద్దున్నే తొట్టి నిండుతూనే ఉంది.

పండగ భోజనాలకు నీలిటోపీ వాడూ వచ్చాడు. బల్లమీద ఎవరూ జరిగి చోటివ్వలేదు. టోపీ చేత్తో పట్టుకుని పునీతుడి ఎదుట నిలబడ్డాడు. ఒబ్దూలియా కోడి మోలే కూర గిన్నెతో పక్కనుంచి పోతుంటే మెల్లగా అన్నాడు:

"ఇటు తిరిగాడు."

"తిప్పింది మేము. నీకేం సంబరం?" అని ఆమె గిన్నె చంకకు లాక్కుంది. "ఇది ఇసీద్రో ఇచ్చిన నీళ్లతో వండిన కూడు. నీకు అరగదులే, వెళ్లు."

అతను తల ఊపి, శిలువ గుర్తు వేసుకుని వెళ్లిపోయాడు. వెనకనుంచి ఎవరో కుక్కలా మొరిగారు. బల్లలు బల్లలే నవ్వాయి.

పండగ తోరణాలు ఇంకా వాడిపోకముందే తొట్టి మళ్లీ ఎండింది.

ఇసీద్రోను మళ్లీ గోడవైపు తిప్పారు. ఈసారి ఎద్దుల్ని కూడా వదల్లేదు. అయినా నీళ్లు రాలేదు. సామాన్లతో మొదటి లారీ ఊరు దాటింది. అందులో ఒబ్దూలియా చెల్లెలి కుటుంబం ఉంది. లారీ రేపిన దుమ్ము ఇంకా అణగలేదు, ఆమె శాలువా బిగించుకుని కంపెనీ గేటుకు బయల్దేరింది. ఫిదెన్సియో వెనకే పరుగెత్తాడు.

గేటు దగ్గర అదే నీలిటోపీ, కింద వేరే ముఖం.

"ఇదివరకు పైపు కాసేవాడేడీ? వాణ్ని పిలు."

"వాడింకెక్కడమ్మా? పోలీసులు పట్టుకుపోయారు. దొంగతనం."

ఒబ్దూలియా మరిది వైపు తిరిగింది. "నేననలా? వాడి వాలకం చూసినప్పుడే అనుకున్నాను." మళ్లీ ఇటు తిరిగి, "ఏం కొట్టేశాడు, రాగి తీగలా?" అంది.

"నీళ్లు."

ఆమెకు అర్థం కాలేదు.

"మీ తొట్టి దగ్గరున్న చక్రానికి తాళం తీసి, రోజూ తెల్లారకముందే తిప్పేవాడు. ఇక్కడ మిషన్లు మాడిపోయాయి."

ఫిదెన్సియో తన తలమీది టోపీ తీసేశాడు. ఒబ్దూలియా శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొత్తవాడు పక్కకు తుపుక్కున ఉమ్మి అన్నాడు: "ఎందుకు చేశావురా అనడిగితే, ఎవరో పునీతుణ్ని గోడకేసి నిలబెట్టారట, అది చూళ్లేకపోయాడట, పిచ్చి వెధవ."